తెర మీద లేని కేసు

చెల్లి మోచేతికి ఏడు కుట్లు పడ్డాయి. ఆసుపత్రి చీటీ నా సంచిలో పెట్టుకుని, పొద్దున్నుంచీ ఇద్దరం పోలీస్ స్టేషన్ బల్ల మీద కూర్చున్నాం. లోపలి గదిలో చెల్లి భర్త ఉన్నాడు. అతని మీద పాత కేసు ఒక్కటి కనబడినా కోర్టుకు పంపుతారు. లేకపోతే ఐదింటికి పూచీ రాయించుకుని వదిలేస్తారు.

పాత కేసు ఉంది. మొదటి భార్య చెయ్యి విరగ్గొట్టినందుకు పక్క జిల్లాలో పెట్టారు. చెల్లి పెళ్లయిన ఆరు నెలలకు ఆవిడే ఫోన్ చేసి నాకు చెప్పింది.

స్టేషన్లో రాతపనంతా చూసే రైటర్ ముందు కంప్యూటరు ఉంది. నేరస్థుల వివరాలు స్టేషన్లన్నీ ఒకరికొకరు అందించుకోవాలని ప్రభుత్వం డబ్బిచ్చి పెట్టించింది. ఆయన మా మరిది పేరు, తండ్రి పేరు, పుట్టిన తేదీ ఒక్కో అక్షరమే వెతుక్కుంటూ కొట్టాడు.

"ఇదిగో, దొరికాడు!"

చెల్లి లేచి నిలబడింది.

"ఆ పక్క జిల్లా స్టేషన్లోనే, గొడుగు పోయిందని ఫిర్యాదిచ్చాడు. నల్ల గొడుగు, చెక్క పిడి."

"ఇంకా?" అన్నాను.

"అంతేనమ్మా."

"అదేంటండీ! గొడుగు ఎక్కించినవాళ్లకి విరిగిన చెయ్యి కనబళ్లేదా?"

రైటర్ కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. "ఎన్ని ఎక్కిస్తే అంత గ్రాంటమ్మా. గొడుగుకి రెండు లైన్లు, కొట్లాటకి పన్నెండు పేజీలు. లెక్కలో రెండూ ఒకటే. వాళ్లని అని ఏం లాభం, మొన్న మార్చిలో మేమూ తప్పిపోయిన కుక్కలు నలభై ఎక్కించాం."

"పోనీ ఆ స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి."

"చేశా. కేసుందనే అన్నారు. నోటిమాట రికార్డు కాదు కదా! కాగితం పంపమంటే, కంప్యూటరొచ్చాక పంపకూడదని ఉత్తర్వు చదివి వినిపించారు. సరే, ఎక్కించండి బాబూ అంటే, ఆ పని తెలిసిన అమ్మాయి సోమవారం వస్తుందట."

ఆ రోజు శుక్రవారం.

ఇన్‌స్పెక్టర్ గారి గదిలోకి వెళ్లి అంతా మళ్లీ చెప్పాను. ఆయన మర్యాదగా విన్నాడు. బయటికొచ్చి రైటర్ బల్ల మీది తెర తన వైపు తిప్పించుకుని చూశాడు. "నేను నమ్ముతున్నానమ్మా. నమ్మకం మీద మనిషిని ఉంచుకోలేను," అన్నాడు.

ఐదు దాటి పది నిమిషాలకు మరిది బయటికొచ్చాడు. సంతకం పెట్టి, రైటర్‌కి పెన్ను తిరిగిచ్చి, దండం పెట్టాడు. మా దగ్గర ఆగాడు.

"అయ్యో వదినగారూ, పొద్దుటనగా వచ్చారు, ఏమన్నా తిన్నారా?"

చెల్లి వైపు చూడకుండానే మెట్లు దిగి వెళ్లిపోయాడు.

ఆటోలో మా ఇంటికి సగం దూరం వచ్చాక చెల్లి అడిగింది. "అక్కా, మీ వెనక తలుపుకి గడియ గట్టిదేనా?"

"గట్టిదే," అన్నాను. దాని మేకులు ఊడి వారమైంది.