నరహరి గడియారం, కనకవ్వ ఐదు నిమిషాలు

మొదటి లాక్‌డౌన్‌లో, బతుకుదెరువుకు వలసొచ్చిన మిల్లుల ఊరు నవాగామ్‌లో మగ్గాలన్నీ ఆగిపోయినప్పుడు నరహరి చేతులు మాత్రం ఊరుకోలేదు. ఏళ్లకేళ్లు మిల్లులో మోటార్లు బాగుచేసిన మనిషి. ఇంట్లో మూలపడ్డ రేడియోను విప్పి, దానితో ఒక గడియారం తయారుచేశాడు. వార్తల ముందు రేడియోలో వచ్చే బీప్‌లను అది వింటుంది. వినగానే తన అంకెలను సరిగ్గా గంటకు తెచ్చుకుంటుంది. అప్పుడు ఎర్ర దీపం. రేడియో అందకపోతే లోపలున్న చిన్న క్రిస్టల్ సొంతంగా లెక్క నడుపుతుంది. అప్పుడు పసుపు దీపం. బాల్కనీ ఊచకు కట్టిన రాగితీగ దానికి చెవి.

భార్య కనకవ్వకు అందులో నచ్చనిది ఒక్కటే, సరైన సమయం చూపడం. ఆమె ఇంట్లో గడియారం ఎప్పుడూ ఐదు నిమిషాలు ముందుండాలి. ఏనాడో తమ్ముడు బక్కయ్య ఊరికి పోతుంటే స్టేషన్‌కు ఆలస్యంగా చేరి, రైలు చివరి పెట్టెను మాత్రమే చూసింది. తమ్ముణ్ణి మళ్లీ చూడలేదు. అప్పటి నుంచి ఇది వచ్చేదాకా ఆ ఇంట్లో ఏ గడియారమూ సరైన సమయం చూపించి ఎరగదు.

రోజూ పొద్దున్నే టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, నిమిషాల బటన్‌ను ఐదుసార్లు నొక్కేది. వార్తల వేళకు గడియారం మళ్లీ వెనక్కి వచ్చేది.

“నీ లెక్కనే మొండిది గిది,” అనేది.

“నేనన్న ఇంటున్న. నీ మాట ఇననిది ఈ ఇంట్ల గిదొక్కటే,” అనేవాడు నరహరి.

మరుసటి ఏడు వేసవిలో నరహరికి జ్వరం పట్టింది. ఊపిరి అందక ఆసుపత్రిలో చేర్చుకున్నారు. లోపలికి ఎవరినీ రానివ్వరు. “దినాం పొద్దుమీకి ఆరింటికి ఫోన్ చేస్త. ఆరంటే ఆరే,” అని చెప్పి అంబులెన్స్ ఎక్కాడు. బండి మలుపు తిరిగి కనపడకుండా పోయాక కూడా కనకవ్వ అక్కడే నిలబడింది.

ఆమెనూ ఇల్లు దాటొద్దన్నారు. పక్కింటి భాగీరథి అన్నం గిన్నె గడప దగ్గర పెట్టి పోయేది. తోడుగా ఉంటుందని కనకవ్వ గడియారాన్ని ముందుగది నుంచి తెచ్చి మంచం పక్కన పెట్టుకుంది. రాగితీగ అంత దూరం రాక ఊడిపోయింది. పసుపు దీపం వెలిగింది. అంకెలు నడుస్తున్నాయి కదా అని ఊరుకుంది. పొద్దున్నే చేయి మాత్రం ఎప్పటిలాగే బటన్ మీదికి పోయేది.

మొదటి సాయంత్రం ఫోన్ ఆరు దాటాక వచ్చింది. మర్నాడు ఇంకాస్త ఆలస్యం. ఆ మర్నాడు ఇంకా. కనకవ్వ ఫోన్ ముందు పెట్టుకుని ఆలోచనలో పడింది. ఫోన్ ఎత్తే ఓపిక కూడా తగ్గిపోతోందేమో, తన దగ్గర దాస్తున్నాడేమో. తన చిన్న ఫోన్‌లో సమయం ఎప్పుడో తప్పింది, దాన్ని నమ్మదు. నరహరి కట్టిన గడియారం మాత్రం తప్పు చెప్పదు.

ఐదో సాయంత్రం గడియారంలో ఆరు ఎప్పుడో దాటింది. చిలక్కొయ్యకున్న నరహరి చొక్కా ఎప్పుడు తీసిందో, ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. చివరికి ఫోన్ మోగింది.

“ఏమే, తిన్నవా?”

“నిజం చెప్పు. దినదినం లేటైతున్నది. ఊపిరి ఆడుతలేదా? నా తాన గూడ దాస్తవా?”

“లేటేంది? సిస్టర్లు డ్యూటీ మారంగనే ఆరింటికే చేస్తున్న గద!”

“నీ గడియారమే చెప్పబట్టె!”

“ఏ దీపం ఎలుగుతున్నది?”

“పసుపుది.”

“తీగ?”

“ఊడింది. మంచం కాడికి తెచ్చుకున్న.”

“పొద్దుగాల బటన్ నొక్కుతున్నవా?”

కనకవ్వ వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంది. వెనక్కి లాగే రేడియో అందక, ఆమె ఐదు నిమిషాలు రోజురోజుకూ పేరుకుపోయాయి.

నరహరి నవ్వాడు. దగ్గొచ్చింది, అయినా నవ్వు ఆగలేదు. పక్కనుంచి ఎవరో “కాకా, హసో మత్, మాస్క్ లగావ్!” అంటూ నవ్వొద్దని కసిరారు. కనకవ్వ ఫోన్‌ను చెవికి అదిమిపెట్టుకుని ఆ నవ్వంతా విన్నది. అంతసేపు నవ్వాలంటే ఊపిరి ఉండాలి కదా.

“నవ్వు నవ్వు. ఇంటికి రా, నీ సంగతి జెప్త,” అంది కళ్లు తుడుచుకుంటూ.

గడియారాన్ని ముందుగదికి తీసుకెళ్లి తీగ తగిలించింది. వార్తల ముందు బీప్‌లు పడ్డాయి. అంకెలు ఒక్క గెంతులో వెనక్కి వచ్చాయి. ఎర్ర దీపం వెలిగింది.

నరహరి ఇల్లు చేరిన మర్నాటి పొద్దున, మంచం మీద ఆనుకుని కూర్చుని చూస్తున్నాడు. కనకవ్వ టీ గిన్నె పొయ్యి మీద పెట్టి గడియారం ముందుకు పోయింది.

“గిప్పుడన్న బుద్ధి రాలేదా?” అన్నాడు.

“తీగ ఉన్నది గద,” అంటూ ఆమె ఐదుసార్లు నొక్కింది.