వెంకటవ్వకు నచ్చే కంచె

పక్కపొంటి వెంకటవ్వ చేను ఉన్నదని తెలిసి గూడ మా మామ ఈ భూమి ఎందుకు కొన్నడో! ఏ లోకంల ఉన్నడో గానీ, దొరికితే ముందుగాల గదే అడుగుత. ఏటా దుక్కి దున్నుడు అయ్యేటాలకు నడిమి ఒడ్డు మా దిక్కు జరుగుతది.

"ఏందత్తా, ఒడ్డుకు కాళ్లచ్చినయా?" అంటే, "వానకు జరిగింది వసంతా. నన్నడుగుతవేంది, వాననడుగు" అంటది.

ఆమె నోటికి ఇబ్రహీంపట్నం మండలంల ఎదురు లేదు. ఆమె పెనిమిటి కల్లు గీసినన్ని దినాలు పొద్దంత తాటిచెట్టు మీదనే ఉండేటోడట, దిగితే కింద ఈమె ఉంటదని. గీ మాట నాది కాదు, ఆమెనే చెప్పి పడీ పడీ నవ్వుతది.

మా ఆయన బాలకిషన్ సౌదీ నుంచి అచ్చి ఏడాది దాటింది. పోయిననాడు మా బిడ్డ ప్రవళిక పాలు తాగేది. అచ్చేటాలకు నన్నే మందలిచ్చేటంత పెరిగింది. ఇగ పోవద్దు, ఇక్కడనే ఎవుసం చేసుకుందామన్న. మక్క ఏసినం. కంకి పట్టే యాళ్లకు అడవిపందులు పడి సగం చేను ఆగమాగం చేసినయి. ఆయన ఒడ్డు మీద కూలవడి, "ఇంకొక్క పంట చూస్త వసంతా. మళ్ల గిట్లనే అయితే పోత. మెట్‌పల్లి ఏజెంటు వీసా ఉన్నదంటుండు" అన్నడు.

పందులు చేను తింటే తిననియ్యి గానీ, నా మొగడిని గూడ తినిపోతయా? "కంచె కడుదాం. ఏనుగు అచ్చినా కదలని కంచె" అన్న.

మళ్ల మక్కనే ఏసినం. అది కంకి పట్టే యాళ్లకు మెట్‌పల్లి నుంచి పాతేటందుకు సిమెంటు కడీలు, వాటికి కట్టేటందుకు ఇనుప జాలీ తెచ్చుకున్నం. సర్వేయర్ అచ్చి కొలిచి హద్దులు చూపెట్టిండు. ఆయన పోయిండో లేదో, వెంకటవ్వ డ్యూటీ ఎక్కినట్టు అచ్చి ఒడ్డు మీద కూసున్నది.

"గా కడీ నా దిక్కు వంగింది."

"నిటారుగనే ఉన్నదత్తా."

"అయితే నీ కండ్లే వంకర."

కడీకి తవ్విన ఒక గుంతల అయితే కాళ్లు వేలాడేసి కూసున్నది. లేవుమంటే లేవది. ఆఖరికి ఇంటికి పోయి చాయ పెట్టుకొచ్చి ఇస్తే, తాగి, "చక్కెర తక్కువైంది" అని లేచింది. పోతా పోతా వేలు చూపిచ్చింది. "కంచె కట్టుకుంటే కట్టుకోండ్రి. నా చేన్ల కాలు వెడితే మాత్రం కాళ్లు ఇరగ్గొడుత."

మా ఆయన పని చూస్తే నాకు ఇచ్చంత్రమనిపిచ్చింది. జాలీని గుంజి, పట్కారుతోని తీగ మెలేసి కడుతుంటే చెయ్యికి సోయి ఉన్నట్టే ఉన్నది. నాలుగు దిక్కులా చేను లోపట నిలవడే కట్టుకుంట పోయిండు.

"సౌదీల నువ్వు చేసింది తోటపని గదా. గిది ఎక్కడ నేర్చినవ్?" అన్న.

"అక్కడ అన్ని పనులు చెయ్యాలె" అన్నడు, తలకాయ ఎత్తకుంట.

కంచె కట్టుడు అయిపోయిన తెల్లారి పొద్దుగాల పోయి చూస్తే, వెంకటవ్వ దిక్కు జాలీ కట్లు తెగి మా చేన్లకు పడ్డది. దాని మీదికెల్లే పందులు నడిచిపోయినయి. కంకులు పట్టుకొని కొరికి పారేసినయి. ఆయన మెడకున్న దస్తి తీసి మొఖం తుడుసుకొని, "ఏజెంటుకు ఫోన్ చేస్త" అన్నడు.

నాకు నెత్తికి మంటెక్కింది. ఆయన మీద కోపం ఆయన మీద తీర్చుకోరాదు గదా! సక్కగ వెంకటవ్వ ఇంటి ముంగటికి పోయిన. "నీ పాడుగాను! రాత్రికి రాత్రి కంచె ఊడబెరుకుతవా? నీ చేతులకు పుండ్లు వుట్ట!" అని వాడకట్టు అంత ఇనేటట్టు ఒర్రిన.

తిట్టు కింద పడనియ్యని మనిషి ఆ దినం ఎదురు తిట్టలే. పండ్లు తోముకునే యాపపుల్ల నోట్లెనే ఉండంగ నాతోని చేను దాక నడిచచ్చింది. కంచెను అటుజూసి ఇటుజూసి, పుల్ల ఉమ్మేసింది.

"ఎడ్డిదానా, నేను గుంజితే నా దిక్కు పడాలె గదా? నీ దిక్కు పడ్డది. పంది బయటికెల్లి గుద్దింది." తర్వాత మా ఆయన దిక్కు తిరిగింది. "ఏందిర బాలకిషనూ, జాలీ కడీలకు లోపటి దిక్కు కడితివేంది? బయటి దిక్కు కడితే పంది గుద్దినా కడీ ఆపుతది. లోపటి దిక్కు కట్టేది మేకల దొడ్డికి. మేకలు లోపటికెల్లి నూకుతయని. నీ చేన్ల మేకలున్నయా?"

అని నవ్వింది. ఆయన నవ్వలే. కింద కూసుండి, పడ్డ జాలీ మీద చెయ్యి వెట్టిండు.

"నాకు గిది ఒక్కటే తీరు ఎరుక చిన్నమ్మా. అక్కడ అన్నేండ్లు గిదే కట్టిన. లోపట మేకలు, మేకలతోని నేను. తినుడు, పండుకునుడు అన్నీ లోపటనే."

నేను నిలవడ్డకాడనే నిలవడ్డ. "మరి తోటపని అంటివి? ఫోన్ల మేకలు ఒర్రితే పక్కింటోళ్లయి అంటివి?"

"ఎడారిల పక్కిల్లు ఎక్కడిది వసంతా!" అన్నడు.

నాకు నవ్వచ్చింది, ఏడుపచ్చింది, రెండూ ఒక్కపారే అచ్చినయి. కొంగు నోట్లె కుక్కుకున్న. "మళ్ల అక్కడికే పోతనంటివా? మళ్ల గా దొడ్డిలకే?" అని ఆయన వీపు మీద రెండు గుద్దులు గుద్దిన. పాపం, మెల్లగనే గుద్దిన.

వెంకటవ్వ కొడుకు చందు ఖతర్ల ఉంటడు. ఆమె మెల్లగ అడిగింది.

"మా చందు హోటల్ల చేస్తున్న అంటడు బిడ్డా. గాడు గూడ..."

మా ఆయన ఆమె మొఖం చూసిండు. "ఫోన్ల మేకల సప్పుడు అస్తదా చిన్నమ్మా?"

"రాదు. గిన్నెల సప్పుడు అస్తది. ఎవలో ఎప్పుడూ తిడుతనే ఉంటరు."

"అయితే హోటలే."

ఆమె గుండెల మీద చెయ్యి వెట్టుకొని పెద్దగ ఊపిరి ఇడిచింది. కండ్లు తుడుసుకున్నది. వెంటనే పాత వెంకటవ్వ అయ్యింది. "ఇగ ఏడ్సింది సాలు. జాలీ విప్పు. బయటి దిక్కు కట్టాలంటే నా చేన్ల నిలవడాలె గదా, నిలవడు. చెప్పులు ఇప్పి నిలవడు. నా పసుపు ఒక్క చెట్టు తొక్కినా ఊకోను!"

జానెడు ఒడ్డుకు జన్మంత లొల్లి వెట్టుకున్న మనిషి! నేను నోరెళ్లవెట్టిన.

ఆయన అటు దిక్కు నిలవడి కట్టిండు, ఇటు దిక్కు నేను తీగ అందిచ్చిన. నడుమ ఒక్కపారి చెయ్యి ఆపి జాలీల నుంచి నన్ను చూసి నవ్విండు. "కంచెకు బయట నిలవడుడు గిదే మొదలు వసంతా" అన్నడు. పనైనంక చుట్టు తిరిగి గేటు కాడికి అచ్చిండు. గేటు నేనే తీసిన.

పందులు మళ్ల అచ్చినయి. గుద్దినయి. కంచె కదలలే. మరి అచ్చిన పందులు ఉత్తగ పోతయా? తెల్లారి వెంకటవ్వ ఒర్రుకుంట అచ్చింది.

"మీ పందులు నా పసుపుల ఏసిన మక్కల పడ్డయి!"

"మా పందులా అత్తా?"

"మీ కంచె కాదా నా దిక్కు తోలింది? కంచె మీది, పందులూ మీయే. నాకు గూడ కట్టుమను నీ మొగన్ని. ఉత్తగ వద్దు, కూలి అందరికి ఇచ్చినంత ఇస్త."

ఆయన కట్టుడు మొదలువెట్టిండు. ఆమెకు ఒక్క కడీ నచ్చది. గది వంగింది, గిది పొట్టిగున్నది, తీగ బిగువు లేదు. అది చూడవచ్చినోళ్లు మాకు గూడ కట్టుమని ఆయనను అడుగుడు మొదలువెట్టిండ్రు.

అట్లుండంగ ఏజెంటు ఫోన్ చేసిండు. మా ఆయన చేతులకు సిమెంటు ఉన్నదని నేను ఎత్తవోయిన. వెంకటవ్వ నా చేతిలకెల్లి గుంజుకున్నది.

"హలో, ఎవలు? వీసానా? గాయిన రాడు, నా కంచె కడుతుండు... ఎప్పుడైతదా? నాకు నచ్చినంక అయితది!"

ఫోన్ నా చేతుల వెట్టింది. పుట్టి బుద్ధెరిగినకాంచి ఆమెకు ఒక్కటి నచ్చింది లేదు. ఆ గుణానికి ఆ దినం మనసుల దండం పెట్టుకున్న.

ఆమె అప్పటికే కంచె దిక్కు తిరిగింది. "బాలకిషనూ, గా మూల కడీ వంగింది. పీకి మళ్ల పాతు."

"పాతుత చిన్నమ్మా" అని మా ఆయన గడ్డపార అందుకున్నడు.