కొత్త కంప్యూటర్ బోణీ

నాకు అన్నిటికన్నా పెద్ద భయం, నా చెయ్యి పడి ఎవరి ప్రాణమైనా పోతుందేమోనని. పాపకి మందు పోస్తున్నా అదే, ఆఫీసులో కీబోర్డు మీద వేళ్ళు పెట్టినా అదే. తొమ్మిదితో చదువు ఆగిపోయినదానికి కంప్యూటర్ పనేమిటని అనుకుంటారేమో. ఆటోనగర్‌లో మాదొక చిన్న షెడ్డు. బరువు హద్దు దాటితే పోర్టు క్రేన్లను ఆపేసే బోర్డులు తయారుచేస్తాం. తుడవడానికీ టీ పెట్టడానికీ చేరాను. ఇంజినీరు నీలిమ బోర్డుల్లోకి ప్రోగ్రామ్ ఎక్కించడం నేర్పింది. ఇప్పుడు అదీ చేస్తాను, టీ కూడా నేనే పెడతాను. మా ఆయన సింహాద్రి ఆ క్రేన్ల కిందే సరుకు తగిలించే కలాసీ. ఇంట్లో మిక్సీ కాలినా, పాపకి జ్వరమొచ్చినా, "నీ సెయ్యి తగిల్తే సాలు, ఏదైనా పాడైపోద్ది" అంటాడు. పనిలో చేరకముందు మా అత్త గంగాలమ్మ, "పొద్దల్లా ఇంట్లో ఏటి సేత్తన్నావే?" అనేది. చేరాక, "ఇల్లు గాలికొదిలీసింది" అంటోంది.

నీలిమ పురిటి సెలవు పెట్టేముందు నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది. "మనం రాసిన ప్రోగ్రామ్‌ని బోర్డుకి అర్థమయ్యేలా మార్చేది కంపైలర్ అక్కా. కొత్త వెర్షన్‌లో తప్పుంది. బరువు చూసే ముక్కని అక్కర్లేదనుకుని తీసి పారేస్తంది. పైకి ఏటీ తెలీదు." అందుకని, ఆ వెర్షన్ కనబడితే పని అక్కడికక్కడే ఆగిపోయేలా ఒక అడ్డు రాసిపెట్టింది. నాకు చప్పున అర్థమైంది. రోజంతా కాపలా కాసే పనిని, ఏ ప్రమాదమూ జరగలేదు కాబట్టి అసలు పనే కాదనడం నేను ఇంట్లో విన్నదే.

మొన్న శుక్రవారం మా యజమాని శ్రీరామ్మూర్తి గారు కొత్త కంప్యూటర్ తెచ్చారు. నాచేత పసుపు రాయించి, బొట్టు పెట్టించి, కొబ్బరికాయ కొట్టారు. దుర్ముహూర్తం రాకముందే దానిమీద మొదటి బోర్డు కావాలన్నారు. మీట నొక్కాను. తెర మీద ఎర్ర అక్షరాలు పడ్డాయి. నేనేం చేశానా అని ముందు నా తప్పే వెతుక్కున్నాను. తర్వాత చదివాను. ఈ కంప్యూటర్లో ఉన్నది ఆ కొత్త వెర్షనే. నీలిమ తెలుగులోనే రాసింది: "తప్పు కంపైలర్‌ది. నీది కాదక్కా."

"బోణీయే ఆగిపోతే ఎలాగమ్మా నూకాలూ? అపశకునం. ఆ అడ్డేదో తీసీ. ఒక్క బోర్డుకే గదా!" అన్నారు శ్రీరామ్మూర్తి గారు.

తీయడం నాకు వచ్చు. ఒక్క గీత చెరిపితే చాలు. ఇంట్లో అయితే ఈపాటికి చెరిపేసేదాన్ని. ఎవరి గొంతు లేచినా ముందు నేనే తగ్గిపోవడం అలవాటు.

"తియ్యనండి."

"ఏటీ?"

"ఇది పోర్టుకే కదండీ ఎల్తాది. ఆ కొక్కెం కింద మా ఆయన నిలబడతాడు. పాతదాని మీద సేసిత్తాను."

ఆయన కొబ్బరిచిప్ప చేత్తో పట్టుకుని నన్నూ కంప్యూటర్‌నీ మార్చిమార్చి చూశారు. "మొదటిరోజే మొండికేసింది గదే ఇది!" అన్నారు. నన్నో దాన్నో తెలియలేదు. అంతలోనే నవ్వేశారు. "సర్లే, పాతదానికీ ఓ బొట్టెట్టు."

పెట్టాను. బోర్డు తయారైంది. బరువులు వేలాడదీసి చూశాం. హద్దు దాటగానే టక్కున ఆగింది. నాకు ఏడుపొచ్చినంత పనైంది. బస్సులో కిటికీ పక్కన కూర్చుని, చాలాకాలానికి గుండెల నిండా ఊపిరి పీల్చుకున్నాను.

"ఏటే, మొకం ఎలిగిపోతంది?" అన్నాడు సింహాద్రి, నేను ఇంట్లో అడుగు పెట్టగానే.

"ఇయ్యాల ఒకటి ఆపీసాను."

"మళ్ళీ ఏటి పాడుసేసావ్?"

కోపం రాలేదు. అన్నం గిన్నె అతని ముందుకు జరిపి, వడ్డించుకోమని చెప్పి, పాపని ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను.

అడ్డు పనిచేసిందని నీలిమకు చెప్పాలని రోజూ ఫోన్ చేస్తున్నాను. వాళ్ళత్తగారు ఎత్తి, "బాలింతకి ఫోనేటమ్మా? అది ఉద్యోగం మానీసింది" అని పెట్టేస్తోంది. ఆ మాట నీలిమ నోటి నుంచి నేనింకా వినలేదు. ఇది చదివేవాళ్ళలో గోపాలపట్నం వాళ్ళెవరైనా ఉంటే, మార్కెట్ వెనక వీధిలో నీలం గేటు ఇల్లే వాళ్ళది, ఒకసారి వెళ్ళండి. అత్తగారితో మాట్లాడి వచ్చెయ్యకండి. నీలిమనే బయటికి పిలిచి, ఎలా ఉన్నావమ్మా అని అడగండి.