సమాధుల తోటలో చంద్రకాంతలు

సమ్మెకు దిగిన మూడో వారానికే నాకు పిచ్చెక్కింది. బడి లేదు. పొద్దున స్టేషన్ దగ్గర దీక్షా శిబిరంలో కూర్చోవడం, పాటలు వినడం, మధ్యాహ్నానికి ఇంటికి రావడం. తెలంగాణ రావాలని నాకూ ఉంది, అందులో అనుమానం లేదు. కానీ ఇరవై రెండేళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినదాన్ని, ఎవరికీ ఏమీ చెప్పకుండా, ఎవరినీ తిట్టకుండా ఎన్ని మధ్యాహ్నాలని కూర్చుంటాను? కొట్టు సగం మూసి ఇంట్లో ఉన్న మా ఆయన మీద పడ్డాను. "సుగుణా, జర బయట తిరిగి రారాదు? నాకెందుకు పెడ్తవు పరీక్షలు!" అని ఆయన దండం పెట్టాడు.

అట్లా బయటపడి, డోర్నకల్‌లో మా పెరటి గోడ అవతలే ఉన్న సమాధుల తోటలోకి మొదటిసారి పోయాను. ఇరవై ఏళ్లుగా గోడ ఇవతల బట్టలారేసుకుంటూ అవతలి వేపకొమ్మలను చూడడమే తప్ప లోపల అడుగు పెట్టింది లేదు. ఇక్కడికి రైలు వచ్చినప్పటి నుంచీ ఉన్న తోట అంటారు. ముందు వరుసల్లో నల్లరాతి పలకల కింద డ్రైవర్లు, గార్డులు, పాదిరీలు. ఉత్తరం మూల మాత్రం ఒక్క రాయి కూడా లేదు, అంతా నడుము ఎత్తు గడ్డి.

గడ్డి ఎందుకు అంత పెరిగిందో గేటు దగ్గరే తెలిసింది. గేటుకు ఒక కొడవలి వేలాడుతోంది. దాని కింద అట్టముక్క మీద బొగ్గుతో "సమ్మె" అని రాసి ఉంది. తోట చూసుకునే కట్టయ్య వేపచెట్టు కింద బీడీ తాగుతున్నాడు.

"నువ్వు గూడ సమ్మెల ఉన్నవా కట్టన్నా?"

"సకల జనుల సమ్మె అన్నరు గద టీచరమ్మా. నేను జనంల లెక్క గానా?"

నవ్వొచ్చింది. మరుక్షణం సిగ్గేసింది. మాకు సంఘం ఉంది, టెంటు ఉంది, మైకు ఉంది. ఆయనకు ఉన్నది ఆ అట్టముక్క ఒక్కటే.

వానలు మొదలైనప్పటి నుంచి పదిహేను రోజులకోసారి గడ్డి కోయడం ఆయన పని. నవంబరు రెండున సమాధుల పండుగ. ఆ రోజు ఎవరివాళ్ల సమాధులకు వాళ్లు సున్నం వేసి, పూలు పెట్టి, కొవ్వొత్తులు వెలిగిస్తారు. అప్పటికి తోట అద్దంలా ఉండాలని చర్చి కమిటీ పట్టుదల. ముప్పై ఏళ్లలో ఒక్క కోత తప్పలేదట. ఈ ఏడే తప్పింది.

నేను నోటు పుస్తకం తీశాను. ఆ రోజే ఆరు రకాల గడ్డి దొరికింది, అందులో రెండింటి పేర్లు నాకు తెలియవు. కంకుల మీద ఎర్రటి జీనువాయి పిట్టలు గుంపుగా వాలి గింజలు ఒలుచుకుంటున్నాయి. ఒక గార్డుగారి సమాధి కింద ముంగిస కాపురం పెట్టింది. ఇంత సంత నా గోడ అవతల నడుస్తుంటే నేను పిల్లలకు పుస్తకంలో బొమ్మలు చూపించానా అని నా మీద నాకే కోపం వచ్చింది. గడ్డి పేర్లు కట్టయ్యను అడిగాను.

"గడ్డికి పేరేందమ్మా? గడ్డే" అన్నాడు.

ఒళ్లు మండి, మరునాడు పుస్తకాల సంచీ వేసుకొని వచ్చాను.

మూడో రోజు ఉత్తరం మూల గడ్డిలో ఒక ముసలామె కూర్చొని మాట్లాడుతూ కనిపించింది. ఎదురుగా ఎవరూ లేరు. ఆమె అంజమ్మ అని, రైల్వేలో గ్యాంగ్‌మన్ భార్య అని కట్టయ్య చెప్పాడు. తట్టు పోసి మూడేళ్ల బిడ్డ రూతు చనిపోతే నలభై ఏళ్ల కింద ఆ మూలనే పూడ్చారు. ఆ ఏడే భర్తకు బదిలీ అయింది. పదేళ్లకు తిరిగి వస్తే చెక్క సిలువను చెదలు తినేసింది. గోడ నుంచి పద్నాలుగు అంగలు అని ఆమెకు గుర్తు. అంగలు లెక్కపెట్టుకొని అక్కడ కూర్చుంది. అప్పటి నుంచి ఏటా అక్కడే కొవ్వొత్తి వెలిగిస్తుంది.

నన్ను చూసి ఆమె చెయ్యి పట్టుకుంది. "టీచరమ్మా, సమ్మె అయిపోంగనే గీ మూలకు బండలు పరిచి రేకుల షెడ్డు ఏస్తరట. చర్చి పాత పుస్తకంల ఈడ ఎవ్వల పేరు లేదట. ఈడ సమాధులే లేవంటుండు దేవదానం సారు. నా బిడ్డ ఈడ ఉన్నదని జర చెప్పు."

దేవదానం అంటే కమిటీ కార్యదర్శి. నేను నోరు ఊరుకోక, "రుజువేంది అవ్వా?" అని అడిగేశాను. అన్నాక నాలుక కరుచుకున్నాను.

ఆమె నొచ్చుకోలేదు. "రాయి పెట్టెటంత ఏడికెల్లొస్తది బిడ్డా మాకు? గ్యాంగుల పనిచేసెటోళ్లం అందరం మొక్కలే పెట్టినం. నేను స్టేషన్ మాస్టర్ బంగ్లలకెల్లి దుంప తెచ్చి పెట్టిన. పసుపు పువ్వు, దాని మీద ఎర్ర చుక్కలు. ఎవ్వలి దగ్గర లేదు అసొంటిది. మల్ల ఎన్నడు పువ్వు చూడలే. మొలక జానెడు గాకముందే కోస్తుండె గద."

దుంప అనగానే నా చెవులు నిక్కాయి. పైన కోస్తే చావని మొక్క అన్నమాట. చీర ఎగజెక్కి గడ్డిలోకి దూరాను. మోకాలెత్తు గుబుర్లు, ఎదురెదురుగా ఆకులు, మిరియాల్లాంటి నల్ల గింజలు, ముడుచుకుపోయిన పూలు. చంద్రకాంతలు! మూడు రోజులుగా వాటిని తొక్కుకుంటూ తిరుగుతున్నాను. నేను వచ్చేది ఎండ పూట, అవి విచ్చుకునేది సాయంత్రం. ఇది ఎనిమిదో తరగతి పిల్లలకు నేనే చెప్పే పాఠం.

అంజమ్మ మందులకని దవాఖానకు పోయింది. నేనూ కట్టయ్యా కూర్చున్నాం. నాలుగున్నరకు మొదటి పువ్వు విప్పుకుంది, గులాబీ రంగు. తర్వాత దాని పక్కది. అరగంటలో ఆ మూలంతా పూసింది. లేచి నిలబడి చూస్తే పూలు వరుసల్లో ఉన్నాయి. గుబురుకూ గుబురుకూ మధ్య ఒక మనిషి పడుకునేంత ఎడం. తనంతట తాను మొలిచిన మొక్క ఇట్లా వరుస కట్టదు. నాలుగు వరుసలు, ముప్పై నాలుగు గుబుర్లు.

కట్టయ్య కూడా లెక్కపెట్టాడు. చేతిలో బీడీ ఆరిపోయింది.

"ముప్పై ఏండ్లు గీళ్ల మీదికెల్లి కొడవలి తిప్పిన్నా నేను?" అన్నాడు. ఆయన గొంతు విని నాకు కళ్లు చెమర్చాయి.

రుజువు దొరికిందని గంతులేశాను. అంజమ్మ కూర్చునే చోటుకు పోయి చూశాను. అక్కడున్నది గులాబీ రంగు పువ్వే. పక్కదీ గులాబీయే. వరుస వరుసా వెతికితే గోడకు దగ్గరగా ఉన్న చివరి వరుసలో కనిపించింది, పసుపు మీద ఎర్ర చుక్కలు. ముప్పై నాలుగింటిలో అదొక్కటే.

గాలికి కొట్టుకొచ్చిన గింజ కావచ్చు అనుకున్నాను. వేళ్లతో మట్టి తీసి చూస్తే దుంప నా పిక్క లావుంది. నిన్నా మొన్నా మొలిచిన మొక్కకు అంత దుంప ఉండదు. మట్టి మళ్లీ కప్పి గోడ నుంచి అంగలు వేశాను. నాలుగే. పద్నాలుగు కావాలి గదా? గోడ చుట్టూ తిరిగి బయటికి పోయి చూస్తే, పట్టాల వైపు పది అంగల దూరంలో పాత గోడ పునాది రాళ్లు గడ్డిలో వరుసగా ఉన్నాయి. అంజమ్మ ఊళ్లో లేని పదేళ్లలో గోడను లోపలికి జరిపి కట్టారన్నమాట. ఆమె గుర్తు తప్పలేదు, గోడే జరిగింది.

"చెప్పకు టీచరమ్మా" అన్నాడు కట్టయ్య. "గిన్నేండ్లు వేరేటోళ్ల మీద దీపం పెట్టినవంటే ముసల్ది తట్టుకుంటదా?"

నాకూ భయమేసింది. కానీ తప్పు లెక్కకు రైటు కొట్టి పంపడం నా చేత కాదు. చెప్పకపోతే ఆ పసుపు పువ్వు దగ్గరికి ఎప్పటికీ ఎవరూ రారు.

మరునాడు సాయంత్రం అంజమ్మను, దేవదానం సార్‌ను పిలిపించాను. ఆయన గడ్డి చూసి కట్టయ్యను తిట్టడానికే వచ్చాడు. పూలు విచ్చుకునేదాకా ఆయన్ను మాటల్లో పెట్టి నిలబెట్టాను. విచ్చుకున్నాక నేనేమీ చెప్పాల్సిన అవసరం రాలేదు. వరుసల మధ్య ఒకసారి నడిచి వచ్చాడు.

"షెడ్డు ముంగట ఏసుకుందాం. ఎవ్వల పేర్లు యాదికున్నా రాయిద్దాం" అన్నాడు. "కట్టయ్యా, పండుగకు బాటలు మాత్రం కొయ్యి. గీ మూల పూలు అయిపోయి, గింజలు రాలినంకనే ముట్టు."

"సమ్మె అయిపోయినంకనే సార్" అన్నాడు కట్టయ్య.

అంజమ్మను గోడ దగ్గరికి తీసుకుపోయాను. పునాది సంగతి, అంగల సంగతి చెప్తుంటే ఆమె వినలేదు, పువ్వును చూస్తోంది. కూలబడి, రెండు చేతులా ఆ గుబురును దగ్గరికి తీసుకొని "రూతూ" అని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. చాలాసేపటికి కళ్లు తుడుచుకొని వెనక్కి తిరిగి, రోజూ తాను కూర్చునే గులాబీ గుబురు వైపు చూసింది.

"గామె ఎవ్వల బిడ్డ మరి?"

మాకెవ్వరికీ తెలియదు.

"నా కష్టం సుఖం గామెకే చెప్పుకున్న గిన్నేండ్లు. మనుమడు పుట్టిన ముచ్చట అందరికంటె ముందు గామెకే చెప్పిన. నేను నీ బిడ్డను గాదని ఒక్కనాడు అన్లే" అంది.

సమ్మె ఆగి వారం గడిచాక పండుగ వచ్చింది. బాటలు కోసి ఉన్నాయి, ఉత్తరం మూల పూలు అట్లాగే ఉన్నాయి. సాయంత్రం అంజమ్మ రెండు కొవ్వొత్తులతో వచ్చింది. పసుపు పువ్వు దగ్గరికి పోతుందని నేను ముందు నడిచాను. ఆమె పాత చోటే ఆగి, అక్కడ కూర్చొని మొదటి కొవ్వొత్తి వెలిగించింది.

"అవ్వా, రూతు అటు ఉంది గద" అన్నాను.

"ఎరికే బిడ్డా. గిన్నేండ్లు ఓపిక పట్టింది, ఇంకొక్క ఘడియ పడ్తది. దానికి నేనున్న. గీమెకు నేను గాకుంటె ఎవ్వలున్నరు?"