నురగ రాని నీళ్ళు

బంగారయ్య సిమెంటు తొట్టిలో చెయ్యి పెట్టి సబ్బునీళ్ళని మళ్ళీ గిలక్కొట్టాడు. నురగ లేచినట్టే లేచి, అంతలోనే విరిగిపోయి, పైన తెల్లటి తెట్టులా తేలింది. ఇంకో గుప్పెడు పొడి వేశాడు. అదీ అంతే. బోరునీళ్ళు సబ్బుని తినేస్తాయి గానీ మురికి జోలికి పోవు. ఆ నీళ్ళలో నానీ నానీ అతని వేళ్ళసందులు చిట్లిపోయాయి. బక్కపలచటి మనిషి, నడివయసు దాటింది, బట్టలు బాది బాది కుడిభుజం ఒక్కటే ఎడమదానికంటే లావెక్కింది.

అనకాపల్లి ఊరు చెరుకుతోటల వైపు పాకి పాకి వెలిసిన కాలనీ అది. మేడలు కొత్తవి, కుళాయిలు కొత్తవి. ఆ మెరుపంతా గృహప్రవేశం ఫోటోల వరకే. తరవాత కుళాయి మూతికి సున్నం పేరుకుంటుంది, బకెట్లకి లోపల చార కడుతుంది, గీజరు విప్పితే కాయిలు మీంచి సున్నం గుల్లలు రాలతాయి. తలంటు పోసుకున్న ఆడవాళ్ళు దువ్వెన చూసుకుని బెంగపెట్టుకుంటారు. తాగడానికైతే అందరూ నీళ్ళ టిన్నులు వేయించుకుంటారు. బట్టలకి ఎవరు వేయిస్తారు?

ఏటి రేవు వదిలేసి ఈ కాలనీకి అందరికంటే ముందు వచ్చింది బంగారయ్యే. ఇంటి ముందు బోరు, పక్కన ఇస్త్రీబండి. ఇక ఏటిలో దిగే పనేమిటి అని కులంలో పదిమందికీ చెప్పినవాడు. చెప్పిన నోరు ఇప్పుడు వెనక్కి తీసుకోలేడు. రంగుబట్టలు ఎలాగో నెట్టుకొస్తున్నాయి. తెల్లబట్టలే పరువు తీస్తున్నాయి. చాకలి పనితనం చూసేది తెల్లబట్టలోనే కదా. అతను ఉతికిన తెల్లపంచె ఎండితే అట్టలా బిగుసుకుని, పాతగోడ రంగుకి తిరుగుతోంది. ఒక్కో ఇంటివాళ్ళే తెల్లవి తీసి పరదేశికి వేయడం మొదలుపెట్టారు.

పరదేశి బయటివాడైతే ఇంత బాధ ఉండేది కాదు. భార్య మరిడమ్మకి సొంత తమ్ముడు. ఆయాసం ఉన్నా, ఇప్పటికీ మోపెడ్ మీద మూటలు కట్టుకుని ఏటికే పోతాడు. వాడి చేతిలో పడ్డ తెల్లచొక్కా కొట్లోంచి తెచ్చినట్టు తిరిగివస్తుంది. బంగారయ్య నీలిమందు మార్చాడు, చాకలిసోడా పోశాడు, నిమ్మకాయలు పిండాడు. ఏదీ పట్టలేదు. వాడు విశాఖపట్నం నుంచి ఏదో పొడి తెప్పించుకుంటున్నాడని అతని అనుమానం. ఓసారి బావమరిది ఇంట భోజనానికి పిలిస్తే, ఎవరూ చూడకుండా ఉతికిన బట్టల మడతల్లో ముక్కు పెట్టి వాసన చూశాడు కూడా. ఎండ వాసన తప్ప ఇంకేమీ లేదు. ఆ రోజు అన్నం సరిగ్గా మింగుడుపడలేదు.

"కుక్కరు ఎన్ని కూతలు కూసినా పప్పు పలుకుగానే ఉంది," అంది మరిడమ్మ వంటింట్లోంచి. "మా తమ్ముడింటికాడయితే ఎన్నలాగ ఉడుకుద్ది."

"అయితే ఎల్లి ఆడింటికాడే తిను."

మరిడమ్మ గరిటెతో పప్పుని మెదుపుతున్న చప్పుడు గట్టిగా వినిపించింది.

ఎండ ముదరకముందే బంగారయ్య బట్టలు తేవడానికి బయల్దేరాడు. ఆ కాలనీలో ఇంకా తెల్లబట్టలు అతనికే వేస్తున్న ఇల్లు ఒక్కటి మిగిలింది. రిటైరైన హెడ్మాస్టరుగారిది. ఆయన పంచె, లాల్చీ తప్ప ఇంకొకటి కట్టరు. ఆ మూట భుజాన ఉన్నంతకాలం తానింకా చాకలినేనని బంగారయ్యకి ధైర్యం.

హెడ్మాస్టరుగారి భార్య గేటు దగ్గరికి వచ్చి రంగుబట్టల మూట అందించింది.

"తెల్లయ్యో, అమ్మా?"

"ఏమనుకోకు బంగారయ్యా. కొత్తమావాస్యకి నూకాలమ్మ గుడికి కట్టుకోవాలన్నారు. నిన్న పరదేశి కనిపిస్తే వేసేశాను."

"అలాగేనమ్మా," అన్నాడు. మొహం చెదరకుండా చూసుకున్నాడు. దారిపొడుగునా లోలోపల ఒకటే మాట. ఆడి సెయ్యి పడిపోను. ఆడి సెయ్యి పడిపోను. ఇంటికొచ్చి ఆ రంగుబట్టల్ని బండకేసి బాదిన బాదుడుకి గుండీలు ఎగిరిపోయాయి.

మధ్యాహ్నం అన్నం ముందు కూర్చునేసరికి ఫోను మోగింది. పరదేశి వీధిలోనే ఉండే ఆటో నానాజీ.

"మామా, పరదేశి మామ పోయేడు. ఏటికాడినుంచి వచ్చి ఆయాసంగా ఉందని అరుగుమీద తొంగున్నాడు. ఇంక లెగలేదు. అత్తని తీసుకుని రెడీగుండు, ఆటో తెత్తన్నాను."

బంగారయ్య మనసులో మొదట మెదిలింది ఏడుపు కాదు. తెల్లబట్టలన్నీ ఇక నావే. ఆ మాట తనంతట తనే వచ్చి కూర్చుంది. ఎవరైనా విన్నారేమోనన్నట్టు చుట్టూ చూశాడు. మరిడమ్మ అతని మొహం చూసి, ఫోను లాక్కుని తనే విని, చెప్పులైనా వేసుకోకుండా వీధిలోకి పరిగెత్తింది.

పరదేశిని ఆ అరుగుమీదే ఉంచారు. నిద్రపోతున్నట్టే ఉన్నాడు. చేతులు పొట్టమీద పెట్టారు. ఆ వేళ్ళు నున్నగా ఉన్నాయి, ఎక్కడా చిట్లలేదు. బంగారయ్య వాటినే చూస్తూ నిలబడ్డాడు. మరిడమ్మ తమ్ముడి మీద పడి ఏడుస్తోంది. పరదేశి భార్య తలుపులమ్మ ఏడ్చి ఏడ్చి ఆగి, బంగారయ్యని పిలిచింది.

"అన్నియ్యా, ఊరోళ్ళ పండగబట్టలు ఏట్లో ఇసకమీద ఆరేసి వచ్చేడు. పొద్దోయేలోగా తేకపోతే ఎవులైనా ఎత్తుకుపోతారు. సచ్చినోడి మాట పోద్ది. నువ్వెల్లి తేవా?"

బంగారయ్య నానాజీ ఆటోలోనే ఏటికి వెళ్ళాడు. నానాజీని గట్టుమీద ఉండమని తానొక్కడే దిగాడు. ఎన్నేళ్ళయిందో ఇటు వచ్చి. వేసవి కాబట్టి శారదానది సన్నటి పాయగా మిగిలింది. అందులోనూ పారేది సగం ఊరి మురుగే. ఇందులోనా వీడు ఉతికేది? బంగారయ్యకి ఒక్కక్షణం హాయి అనిపించింది. పొడి ఏదో ఉండే ఉంటుంది. ఇక్కడే ఎక్కడో దాచి ఉంటాడు.

పరదేశి అడుగులు పాయ దాటి ఇసుకలో చాలా దూరం పోయాయి. వాటి వెంటే నడిచాడు. పరిచిన పంచెలు, లాల్చీలు, డాక్టర్ల కోట్లు, ఆ తెలుపుకి కళ్ళు చికిలించాల్సి వచ్చింది. వాటి పక్కన నడుములోతు చెలమ తవ్వి ఉంది. ఇసుకలోంచి ఊరిన నీళ్ళు, అడుగున రేణువులు లెక్కపెట్టుకోవచ్చు. చుట్టూ పూడిపోయిన పాత చెలమల గుంతలు. ఇసుక నిలవదు, తవ్విన చెలమ పూడుతుంది, మళ్ళీ తవ్వాలి. ఆయాసం మనిషి, రోజూ పొద్దున్నే తవ్వుకుని, అక్కడున్న కొబ్బరిచిప్పతో తోడుకుని ఉతికేవాడన్నమాట. పొడి లేదు, మందు లేదు.

చెలమ అంచున అరిగిన సబ్బుముక్క ఉంది. బంగారయ్య వంగి చేతులు తడుపుకుని రుద్దాడు. నురగ మణికట్టు దాకా పొంగింది. విరగలేదు. అతని చిట్లిన వేళ్ళు ఆ నురగలో కనపడకుండా పోయాయి.

అప్పుడు గుర్తొచ్చింది. ఏదో పెళ్ళిలో పరదేశి పక్కన కూర్చుని అన్నాడు, "ఒకపాలి ఏటికి రా బావా, సూపిత్తాను." దానికి తనన్న మాటా గుర్తొచ్చింది. "బురదలో దొర్లడానికి నానేటి గేదినా?" పరదేశి నవ్వేసి ఊరుకున్నాడు. వాడేదీ దాచలేదు. దాచి ఉంటే తిట్టుకోవడానికైనా ఉండేది.

వాడు బతికున్నప్పుడు లేనంత అసూయ అప్పుడు పుట్టింది. కాలితో చెలమ అంచుని తన్నాడు. ఇసుక జారి నీళ్ళలో పడి అంతా కలక అయింది. ఇంకోసారి తన్నాడు. తరవాత అక్కడే కూలబడి ఏడ్చాడు. ఎవరికోసం ఏడుస్తున్నాడో అతనికి తెలియలేదు. ఏడుస్తూనే కొబ్బరిచిప్ప అందుకుని, పడ్డ ఇసుకనంతా తోడి అవతల పోసి, చిప్పని నీళ్ళలోనే వదిలేశాడు.

బట్టలు ఒక్కొక్కటే దులిపి మడత పెట్టాడు. హెడ్మాస్టరుగారి పంచె దగ్గర చెయ్యి ఆగింది. పరదేశి తనకి అప్పజెప్పాడని, తానే ఉతికానని ఇస్తే కాదనే మనిషి ఇప్పుడు లేడు. ఆవిడ పంచె విప్పి చూసుకుని మురిసిపోతుంది. మళ్ళీ మూట తనకే వేస్తుంది. చాలాసేపు ఆ మడతని ఒళ్ళో పెట్టుకునే కూర్చున్నాడు.

గట్టెక్కి మూటలు ఆటోలో పెట్టాక, అన్నిటికంటే పైన ఆ పంచె ఉంచాడు.

"నానాజీ, నన్ను ఆడింటికాడ దింపీసి, ఇది హెడ్మాస్టరుగారింట్లో ఇచ్చీ."

"నువ్వు ఉతికేవని సెప్పనా మామా?"

బంగారయ్య పంచె మడత ఇంకోసారి సరిచేశాడు.

"పరదేశి ఉతికేడని సెప్పు. ఇంక ఆడు ఉతకడని కూడా సెప్పు."

ఆటో కదిలింది. కింద చెలమలో కలకంతా అడుక్కి దిగి, మళ్ళీ ఊరుతున్న నీళ్ళతోపాటు కొబ్బరిచిప్ప మెల్లగా పైకి తేలుతోంది.