ఎగిరే మంచం, ముప్పై రెండు పేర్లు

జగపతి సారుకు ముప్పై రెండు పేర్లు కంఠతా వచ్చు. సీట్ డ్రాప్, బ్యాక్ డ్రాప్, ఫ్రంట్ డ్రాప్, టక్, పైక్, స్ట్రాడిల్, స్వివెల్ హిప్స్... నిద్రలో లేపి అడిగినా తడబడకుండా అప్పజెప్పగలడు.

జనగామలో ఒక హైస్కూలుకు ఆయన డ్రిల్ మాస్టరు. 1980 ఎండాకాలంలో హైదరాబాదులో ఇరవై రోజుల శిక్షణ శిబిరం పెడితే ఆ బడి నుంచి ఆయన్నే పంపారు. ట్రాంపోలిన్ అనేదాన్ని అక్కడే మొదటిసారి చూశాడు. వచ్చేటప్పుడు దాని మీద వేసే దూకుళ్ళ పేర్లన్నీ, పక్కన పుల్లల్లాంటి మనుషుల బొమ్మలతో సహా, నోటుపుస్తకంలో రాసుకొచ్చాడు. హెడ్మాస్టరు సోమనర్సయ్యను నెలరోజులు బతిమాలి, స్టేషన్ రోడ్డులో వెల్డింగ్ చేసేవాడితో ఇనుప పైపుల చట్రం చేయించాడు. మధ్యలో మంచాలకు అల్లే నవారును మూడు పొరలుగా అల్లించాడు. స్ప్రింగులు దొరక్క సైకిల్ ట్యూబులు కోసి చుట్టూ బిగించాడు. పిల్లలు దాన్ని ఎగిరే మంచం అన్నారు.

"మంచమేంది? ట్రాంపోలిన్ అనుండ్రి" అని సారు దిద్దాడు.

రోజూ సాయంత్రం నల్లబల్ల బయట పెట్టించి పేర్లు రాసేవాడు. పిల్లలు ఎక్కాల్లా వల్లించేవాళ్ళు. ఆయన కూతురు కరుణ ఎనిమిదో తరగతి. సల్వార్ వేసుకుని అందరికన్నా ముందు ఎక్కేది. కానీ నెల గడిచినా ఎవరికీ నిటారుగా ఎగరడం తప్ప ఇంకోటి రాలేదు.

దసరా సెలవుల తర్వాత బడికి కొత్త అటెండరు వచ్చాడు. పేరు దేవ్యా. మానుకోట దగ్గరి తండా మనిషి, ఇరవై ఆరు ఇరవై ఏడేళ్ళుంటాయి. వచ్చిన మూడో రోజు, మంచినీళ్ళ బిందె భుజాన పెట్టుకుని మైదానం పక్కనుంచి పోతూ ఆగాడు. కరుణ అప్పుడే సీట్ డ్రాప్ వేయబోయి అరచేతుల మీద పడి "అబ్బా" అంది.

"సార్, చేతులు నడుం ఎనుక పెట్టమనురి. వేళ్ళు కాళ్ళ దిక్కు సూడాలె. అటు తిప్పి పెడితే మణికట్టు ఇరుగుతది" అన్నాడు దేవ్యా.

"నీకేం ఎరుక?" అన్నాడు జగపతి.

"సర్కస్‌ల పదేండ్లు చేసిన సార్. అరవై తొమ్మిదిల తెలంగాణ గొడవలప్పుడు మానుకోట బడి బందైంది గద. అప్పుడు ఊర్లకు సర్కస్ వచ్చింది. బడి తెరిచే వరకు ఉందామని పోయిన, మల్ల రాలే. పోయినేడు సర్కస్ మూతబడ్డది."

"అట్లనా? జర చేసి చూపియ్యి మరి." వెటకారంగానే అన్నాడు సారు.

దేవ్యా బిందె దించాడు. చెప్పులు విడిచి, ఖాకీ చొక్కా విప్పి మడతపెట్టి బిందె మీద ఉంచాడు. నవారు మీద నాలుగుసార్లు ఊరికే ఎగిరాడు. ఐదోసారి గాలిలో మోకాళ్ళు రొమ్ముకు లాక్కున్నాడు. టక్, అనుకున్నాడు జగపతి తనకు తెలియకుండానే. కాళ్ళు చెరోవైపుకూ చాపి వేళ్ళు ముట్టుకున్నాడు. స్ట్రాడిల్. కూర్చుని లేచి, గాలిలోనే వెనక్కి తిరిగి మళ్ళీ కూర్చున్నాడు. స్వివెల్ హిప్స్. వెల్లకిలా పడి లేచాడు, బోర్లా పడి లేచాడు, చివరికి మొగ్గ వేసి దిగాడు. దిగగానే మోకాళ్ళు వంచేసరికి మంచం ఊగడం చటుక్కున ఆగిపోయింది.

పిల్లలు చప్పట్లు కొడుతుంటే జగపతి నల్లబల్ల వైపు తిరిగాడు. శిబిరంలో ఆయన ఒక్కసారి కూడా దాని మీదికెక్కలేదు. మోకాలి నొప్పి అని అబద్ధం చెప్పి, పడేవాళ్ళను పట్టుకునే వరుసలో ఇరవై రోజులూ నిలబడ్డాడు. అసలు సంగతి భయం. ఇన్నాళ్ళూ తన నోట్లో నానిన పేర్లు ఈ బిందెలు మోసేవాడి ఒంట్లో పుట్టి పెరిగినట్టున్నాయి. ఎవరో పెద్ద కోచ్ చేసి చూపిస్తే గర్వంగా పరిచయం చేసుకునేవాడే. తన సొంతూరు, ములుగు దగ్గర ఘనపూర్‌లో తమ పొలాల్లో నాట్లు వేసే మనుషుల్లాంటివాడు చేశాడు. అదే మింగుడు పడలేదు.

"అన్నా, గదేంది? కూసొని మల్ల తిరిగి కూసునేది?" కరుణ అడిగింది.

"సర్కస్‌ల హిందీల ఏదో అంటరు బిడ్డా. మనం తిరుగుడు పీట అందాం."

అంతే. సాయంత్రాలు దేవ్యా వచ్చి నేర్పసాగాడు, వారం తిరగకుండా అన్నిటికీ పేర్లు మారిపోయాయి. సీట్ డ్రాప్ పీట అయింది, టక్ మూట అయింది. స్ట్రాడిల్ కత్తెర, బ్యాక్ డ్రాప్ మంచం, ఫ్రంట్ డ్రాప్ కప్ప. చిత్రమేమిటంటే మూట కట్టు అంటే పిల్లల మోకాళ్ళు వాటంతటవే రొమ్ముకు చేరేవి. సారు టక్ అంటే ఒక క్షణం ఆగి, అర్థం గుర్తు తెచ్చుకుని, అప్పుడు ముడిచేవాళ్ళు. ఆ ఒక్క క్షణం జగపతికి ముల్లులా గుచ్చుకునేది.

ఒక సాయంత్రం అన్నం వడ్డిస్తూ భార్య మనోరమ, "మన కరుణ తిరుగుడు పీట ఏస్తున్నదట గద!" అంది.

"స్వివెల్ హిప్స్" అన్నాడు జగపతి, పళ్ళెంలోంచి తలెత్తకుండా.

"ఏదో ఒకటి. దేవ్యన్న మంచిగ నేర్పుతుండట."

"నేర్పేది నేను!" అని పళ్ళెం నెట్టేసి లేచాడు. కరుణ ముద్ద చేతిలో పట్టుకుని అట్లాగే చూసింది.

మర్నాడు హెడ్మాస్టరు గదిలోకి వెళ్ళి, "దేవ్యా గంట కొట్టుడు మర్చిపోయి పిల్లలతోని ఆడుకుంటుండు సార్" అన్నాడు. గంట ఒక రోజు రెండు నిమిషాలు ఆలస్యమైన మాట నిజమే. సోమనర్సయ్య దేవ్యాను పిలిచి, ఇకనుంచి మైదానంలో కాలు పెట్టొద్దన్నాడు. దేవ్యా "సరే సార్" అని జగపతి వైపు ఒకసారి చూసి వెళ్ళిపోయాడు. ఆ చూపులో కోపం లేదు. ఉన్నా బాగుండేదనిపించింది జగపతికి.

జనవరి ఇరవై ఆరున జెండా పండుగకు వరంగల్ నుంచి అధికారి వస్తున్నాడు. ట్రాంపోలిన్ ప్రదర్శన పెడదామన్నాడు జగపతి. తను మైకులో పేరు చెబుతాడు, కరుణ వేసి చూపిస్తుంది. పుస్తకంలోని పేర్లే తప్ప ఇంకో మాట వినపడొద్దని పిల్లలకు గట్టిగా చెప్పాడు.

ఆ రోజు మైదానం నిండిపోయింది. జగపతి తెల్ల ప్యాంటు, తెల్ల చొక్కా వేసుకుని మైకు పట్టుకున్నాడు. సీట్ డ్రాప్ అన్నాడు, కరుణ వేసింది. స్వివెల్ హిప్స్, వేసింది. చప్పట్లు. అధికారి పక్కవాళ్ళతో ఏదో అని తల ఊపాడు. జగపతి ఛాతీ పొంగింది.

"ఫ్రంట్ డ్రాప్!"

కరుణకు దేవ్యా దగ్గర ఆ దూకుడు ఇంకా కుదురుకోక ముందే జగపతి అతన్ని మైదానం నుంచి పంపించేశాడు. తర్వాత జగపతి పుస్తకంలో బొమ్మ చూపించి, ముందుకు పడాలి అని చెప్పాడు. కరుణ నిజంగానే ముందుకు దూకింది. నడిమధ్యలో పడాల్సిన పిల్ల అంచు దగ్గర బోర్లా పడింది. నవారు ఆమెను పక్కకు, ఇనుప పైపు వైపు ఎగరేసింది.

జగపతి నోరు తెరిచాడు. ముప్పై రెండు పేర్లలో ఒక్కటీ బయటికి రాలేదు.

"మూట కట్టు బిడ్డా! దిగంగనే మోకాళ్ళు ఒంచు!"

వేదిక పక్క నుంచి దేవ్యా కేక. చేతిలోని చాయ్ పళ్ళెం వదిలేసి అప్పటికే పరుగెత్తుతున్నాడు. కరుణ గాలిలోనే మూట కట్టింది. ఒళ్ళు గిర్రున తిరిగి నిటారైంది. చివరి నవారు పట్టీ మీద పాదాలు ఆనగానే మోకాళ్ళు వంచి, పైపుకు బెత్తెడు దూరంలో నిలబడిపోయింది. జనం అదీ ఆటలో భాగమే అనుకుని ఈలలు వేశారు.

అధికారి దగ్గరికి వచ్చి, "అమ్మాయికి శిక్షణ ఎవరిచ్చారండీ?" అని అడిగాడు.

దేవ్యా పగిలిన కప్పులు ఏరుతున్నాడు. కరుణ చట్రం పట్టుకుని తండ్రినే చూస్తోంది.

"నేనే సార్" అన్నాడు జగపతి.

ఆ తర్వాత మూడు రోజులు కరుణ తండ్రితో మాట్లాడలేదు. నాలుగో రోజు ఆయనే అడిగాడు.

"ఇంకా కోపమా బిడ్డా?"

"నీ మాట నమ్మి దూకిన బాపూ" అంది కరుణ.

ఆ పొద్దున్నే జగపతి సోమనర్సయ్య దగ్గరికి వెళ్ళి, "పిల్లలకు నేర్పింది దేవ్యా సార్. నేను కాదు. పోయినసారి మీకు చెప్పింది కూడా కుళ్ళుబోతుతనంతోటే చెప్పిన" అన్నాడు. హెడ్మాస్టరు కళ్ళద్దాలు తీసి తుడుచుకుని, దేవ్యాను మళ్ళీ మైదానంలోకి రానిమ్మన్నాడు. ఆ వారమే దేవ్యా పేరు రాసి అధికారికి ఉత్తరం వెళ్ళింది.

ఆదివారం మధ్యాహ్నం జగపతి దేవ్యాను మైదానానికి రమ్మన్నాడు. కరుణ కూడా వచ్చింది.

"నాకు రాదు దేవ్యా. ఒక్కటి గూడ రాదు. పేర్లే తెలుసు" అన్నాడు.

దేవ్యా నవ్వలేదు. "చెప్పులిడువురి సార్. ఒట్టిగ నిలవడుండ్రి మొదలు. నేనున్న."

నలభై రెండేళ్ళ జగపతి చట్రం పట్టుకుని ఎక్కాడు. నవారు కాళ్ళ కింద ఊగేసరికి వంగి దేవ్యా చెయ్యి పట్టుకున్నాడు. రెండుసార్లు దిగిపోతానన్నాడు. మూడోసారికి ఎగిరాడు. చాలాసేపటికి, చేతులు నడుం వెనక, వేళ్ళు కాళ్ళ వైపు పెట్టి కూర్చుని, మళ్ళీ లేచి పాదాల మీద నిలిచాడు.

"పీట!" అని కరుణ కేక వేసింది.

జగపతి ముఖమంతా నవ్వయింది. కూతురి వైపు తిరిగాడు. కరుణ మాత్రం, సరిగ్గా పడిందా అన్నట్టు, దేవ్యా ముఖం చూస్తోంది. జగపతి గుండెలో మళ్ళీ చురుక్కుమంది. అది పాత కుళ్ళేనని ఈసారి పోల్చుకున్నాడు. నవారు మీద నిలదొక్కుకుని, తనూ దేవ్యా వైపే చూశాడు.

"సరిగనే పడ్డదా?"

"నడుం జర ఒంగింది సార్. ఇంకోసారి."