కిటికీ జాగా

మగ్గం మీద పేక దారం మోసే నాడె ఎడమ నుంచి కుడికి దూసుకుపోయింది. సీతారాములు కాలితో తొక్కుడుచెక్క నొక్కి, అచ్చును లాగి పోగును కొట్టాడు. గోడ అవతల అన్న మగ్గం ఆగింది. వెంటనే కూనిరాగం మొదలైంది.

"మొదలువెట్టిండు," అని సీతారాములు పళ్లు కొరికాడు.

ఆ రాగం వింటే అతని మెడనరం బిగుసుకుంటుంది. అతనిది వయసుకు ముందే వంగిన వెన్ను, దీపం మసికి ఎర్రబడ్డ కళ్లు, కాళ్లు దించి కూర్చునే మగ్గం గుంటలోని తేమకు ఉబ్బిన మోకాళ్లు. పట్టపగలు కూడా కందిలి దీపం పెట్టుకుని నేయాల్సిన మూల అది. పోలీసు యాక్షన్ జరిగిన ఏడు బాపు పోతే, రామన్నపేటలోని ఆ ఒక్క ఇంటినీ అన్నదమ్ములు చీటీలు వేసి పంచుకున్నారు. కిటికీ పక్కనున్న మగ్గం గుంట అన్న లక్ష్మీనర్సయ్యకు పడింది. చీకటి గుంట తమ్ముడికి మిగిలింది. ఆ వారంలోనే సీతారాములు నడుమ మట్టిగోడ లేపాడు, అన్న ముఖం కనిపించకుండా. అప్పటినుంచి అవతలి గడప తొక్కలేదు. కిటికీ అన్న పెరట్లోకి తెరుచుకుంటుంది గనుక అదీ కంటపడలేదు.

చెవులను మాత్రం గోడ ఆపలేకపోయింది. అన్న మాటిమాటికీ మగ్గం ఆపుతాడు. ఆపినప్పుడల్లా పాడతాడు. వెలుగులో కూర్చుని, గాలి పీలుస్తూ, పని మానుకుని పాడుకునే భోగం! దాన్ని తలచుకుంటే సీతారాములుకు భార్య చేసిన జొన్నరొట్టె చేదు, పిల్లల నవ్వు చిరాకు. ఆ కిటికీ దక్కితే చాలు, అన్నీ చక్కబడతాయి. ఈ తగువు తేల్చడానికి రేపే కులపెద్దలు కూర్చుంటారు.

"అన్నా!" గోడను గుద్దాడు. "రేపు పంచాయితీల ఆ జాగా ఇడిపిస్త. గియ్యాలటి దాకనే నీ పాట."

అవతల నవ్వు. "పంచాయితెందుకు తమ్మీ, ఇప్పుడే తీస్కో. తీస్కున్నంక నన్ను తిట్టొద్దు మల్ల."

"ఎక్కిరిస్తున్నవా? నీ సంబురం మీద మన్ను వడ!"

"కండ్లల్ల నిప్పులు పోసుకోకురా. నేసుకో, పో."

ఎండ వాలింది. అవతల మగ్గం మళ్లీ ఆగింది. ఈసారి పాట రాలేదు. సీతారాములు చెవి ఒగ్గి విన్నాడు. నిశ్శబ్దం. పంచాయితీ మాటకు అన్న హడలిపోయాడు, అంతే. ఏళ్ల తర్వాత అతని పెదవులు విచ్చుకున్నాయి. నాడె తేలికగా పరిగెత్తింది. ఒక్క పోగూ తెగలేదు. ఎప్పుడూ తెగదు, అది తన పనితనమని అతని నమ్మకం. జానెడు బట్ట నేసేసరికి తానే కూనిరాగం తీస్తున్నాడు.

అప్పుడు వదిన లీలమ్మ కేక వినిపించింది.

చుట్టూ తిరిగి పరుగెత్తాడు. అన్న పడుగు మీదికి వాలిపోయి ఉన్నాడు. ఊపిరి లేదు. వేళ్ల మధ్య తెగిన పోగు, సగం వేసిన ముడి. అయినా సీతారాములు కళ్లు ముందు కిటికీ వైపే పోయాయి. వెలుగు లేదు. నిండుగా తడి గోనెపట్టా వేలాడుతోంది. పడుగు నిండా ముడులే.

"గీ చీకటేంది వదినె?"

ఆమె కళ్లలో నీళ్లు లేవు. "గాలికి పోగులు ఎండి పుటుకు పుటుకు తెగుతయి. గోనె తడిపి కట్టినా తెగుతయి. ముడేసినప్పుడల్లా పాడుకుంటుండె, తిట్టుకుంటే చెయ్యి వణుకుతదని. పోగు తెగని చల్లటి జాగా తమ్మునికొచ్చింది, వాడన్నా బతికిపోయిండు అంటుండె." భర్త తలను ఒడిలోకి తీసుకుంది. "రేపటి దాకెందుకు? తీస్కో నీ కిటికీ."

గోనెపట్టా అంచున నీటిబొట్టు ఊరింది, సాగింది, మగ్గం గుంటలోకి రాలింది. దాని వెనకే ఇంకొకటి.